యువ కాపరులకు పెద్దల మాట: వాక్యం చెప్పడం, సేవలో నిలబడటం

ఉప్పల్ యువకాపరి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఉప్పల్ దాటాక బోడుప్పల్ వైపు ఒక అద్దె హాలులో మా సంఘం కూడుకుంటోంది. ఆదివారం ఆరాధన, బుధవారం ఇళ్లలో ప్రార్థన, శుక్రవారం ఉపవాస కూడిక. బైబిలు కళాశాలలో నాతోపాటు చదివినవారిలో కొందరు అప్పుడే సేవ వదిలి ఉద్యోగాల్లో చేరారు. ఒకరిద్దరు డబ్బు విషయంలో పేరు పోగొట్టుకున్నారు. వాళ్లు నాకంటే చక్కగా వాక్యం చెప్పేవారు, నాకంటే ఎక్కువ ప్రార్థించేవారు. అందుకే భయంగా ఉంది.

నేను అడగదలచింది రెండే. వారం వారం అదే జనానికి వాక్యం చెబుతూ లోపల ఎండిపోకుండా ఉండటం ఎలా? జుట్టు నెరిసేనాటికి కూడా ఇదే పనిలో, ఇదే విశ్వాసంతో ఉండాలంటే ఇప్పటినుంచి ఏ అలవాట్లు చేసుకోవాలి? పెద్దలు మొహమాటం లేకుండా చెప్పండి.

తార్నాక విశ్రాంత అయ్యగారు

తమ్ముడూ, నేను మెదక్ వైపు పల్లెల్లో, తరువాత సికింద్రాబాదులో కాపరిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో ఉంది. ఎఫెసు సంఘ పెద్దల దగ్గర సెలవు తీసుకుంటూ పౌలు, తాను బహిరంగంగానూ ఇంటింటా తిరిగీ బోధించానని గుర్తుచేస్తాడు. మన కుర్ర కాపరులు ఆ మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేస్తున్నారు. ఇళ్లకు వెళ్లని కాపరికి చెప్పడానికి మాటలు దొరకవు. దొరికినా అవి వేరొకరి ప్రసంగంలోంచి వచ్చినవే అవుతాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. వారాసిగూడలో ఒక కుటుంబం ఉండేది. భర్త ఆరాధనకు రాడు, భార్య పిల్లలతో వచ్చేది. ఆయనకు భక్తి లేదని సంఘమంతా అనుకునేది. ఒకరోజు మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్తే ఆయన చాప మీద పడుకుని ఉన్నాడు. అపార్టుమెంటు వాచ్‌మన్, రాత్రి డ్యూటీ. బదులు మనిషి దొరికితేనే ఆదివారం సెలవు, లేకపోతే ఆ రోజు జీతం పోతుంది. లేచి కూర్చుని, "అయ్యగారూ, నిద్రపోతున్నానని దేవుడు తప్పు పడతాడా?" అని అడిగాడు. ఆ వారం నేను విశ్రాంతి దినం గురించి చెప్పాల్సి ఉంది. రాసిపెట్టుకున్న కాగితాలు పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయంలో దాసుడికి, దాసికి కూడా విశ్రాంతి ఇవ్వాలని ఉంది. మా సంఘంలో వాచ్‌మన్‌ని పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు, పనిమనిషిని పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ ఆదివారం వాక్యం వాళ్లకు తగిలింది. ఆయన ఇంటికి వెళ్లకపోయి ఉంటే, ఆరాధనకు రానివాళ్లను మందలించే ప్రసంగం ఒకటి చెప్పి ఉండేవాణ్ణి.

వారానికి కొన్ని మధ్యాహ్నాలు ఇళ్లకు కేటాయించండి. కానుక కవరు కోసం వచ్చాడని అనుకోకుండా ఉండాలంటే, వెళ్లిన ఇంట్లో కవరు తీసుకోకండి. పుట్టినరోజు ప్రార్థనలు, గృహప్రవేశాలు ఎలాగూ ఉంటాయి. ఎవరూ పిలవని ఇళ్లకు వెళ్లడమే మీ పని.

వేదాంత బోధకుడు

అయ్యగారు ఇళ్ల గురించి చెప్పారు. నేను బల్ల ముందు కూర్చోవడం గురించి చెబుతాను, ఎందుకంటే ఇళ్లన్నీ తిరిగి శనివారం రాత్రి ఫోనులో ప్రసంగం వెతుక్కునే కాపరులను కూడా చూశాను.

మన సంఘాల్లో డిసెంబరు 31 రాత్రి, కొత్త ఏడాదికి ఒక బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డులు పంచుతారు. వాటిలో యిర్మీయా 29:11 లేని సంవత్సరం ఉండదేమో. సమాధానకరమైన ఉద్దేశాలు, రాబోయే కాలానికి నిరీక్షణ. వినేవాళ్లకు అది వీసా, ఉద్యోగం, సొంత ఇల్లు. దాని పై వచనం చదవండి: డెబ్బై సంవత్సరాలు. అది బబులోనుకు చెరగా వెళ్లినవారికి యిర్మీయా రాసిన ఉత్తరం. దాన్ని అందుకున్నవారిలో చాలామంది బబులోనులోనే చనిపోతారు. అందుకే 5వ వచనంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని ఉంది. ఒక అధ్యాయం వెనక్కి వెళ్తే హనన్యా అనే ప్రవక్త కనిపిస్తాడు. చెరపోయినవాళ్లు, దోచుకుపోయిన దేవాలయ పాత్రలు, అంతా రెండేళ్లలో తిరిగి వచ్చేస్తుందని దేవాలయంలో నిలబడి, యాజకుల ముందు, ప్రజల ముందు చెప్పాడు. బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద మోస్తున్న కాడిని లాగి విరిచాడు. ఆ రోజు ప్రజలకు ఎవరి ప్రసంగం నచ్చి ఉంటుందో ఊహించండి.

యిర్మీయా చెప్పిన వచనాన్ని హనన్యా చెప్పిన అర్థంతో బోధించడం ఈ రోజుల్లో చాలా సులువు. సంఘం కూడా సంతోషంగా ఆమేన్ అంటుంది. కానీ ఆ డిసెంబరులో కార్డు అందుకున్న అక్క వచ్చే డిసెంబరుకు ఉద్యోగం రాక, తన విశ్వాసంలోనే లోపం ఉందనుకుని కుమిలిపోతుంది. ఆమె పక్కన కూర్చోవలసింది మీరే.

కాబట్టి నా సలహా: బైబిల్లో ఒక పుస్తకం పట్టుకుని మొదటినుంచి చివరిదాకా వెళ్లండి. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగు అధ్యాయాలే, దానితో మొదలుపెట్టండి. సోమవారమే ఆ భాగాన్ని పైకి చదవండి, చుట్టూ ఉన్న అధ్యాయాలు చదవండి. వ్యాఖ్యానాలు గురువారం వరకు తెరవకండి. నెహెమ్యా 8:8లో లేవీయులు చేసింది ఇదే: స్పష్టంగా చదివారు, అర్థం చెప్పారు, జనం గ్రహించారు. 2 తిమోతి 4:13 కూడా గమనించండి. చెరసాలలో, చావు దగ్గరపడుతున్నప్పుడు పౌలు అంగీతోపాటు పుస్తకాలు తెమ్మని అడిగాడు. చదువు కళాశాలతో అయిపోయిందనుకున్న కాపరి ఎండిపోకుండా ఎలా ఉంటాడు?

కెమెరా తమ్ముడు

వందనాలు పెద్దలకు. నేను మా సంఘంలో వీడియోలు, యూట్యూబ్ చూస్తాను. ఫోనులో ప్రసంగాలు వినడాన్ని మీరంతా తక్కువ చేస్తారేమోనని ముందే చెబుతున్నాను. మా ప్రసంగాలు వినేవారిలో కువైట్‌లో ఇళ్లలో పనిచేసే అక్కలు ఉన్నారు. వాళ్లకు ఆదివారం సెలవు లేదు, కొందరికి బయటికి వెళ్లే స్వేచ్ఛే లేదు. రాత్రి పని అయ్యాక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని తెలుగులో వాక్యం వింటారు. మంచం పట్టిన ముసలమ్మలు కూడా ఉన్నారు. యువ కాపరి కెమెరాకు భయపడనక్కర్లేదు.

వెనక వరుస విశ్వాసి

నేను కాపరినీ కాదు, చదువుకున్నదాన్నీ కాదు. కుట్టు మిషను మీద బతికే మనిషిని. కెమెరా గురించి మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

ఒక సంఘంలో నా పక్కింటి అమ్మాయి ముందుకు వెళ్లి ప్రార్థన చేయించుకుంది. అత్తవారింట్లో పడుతున్న బాధ మైకులో చెప్పింది, ఏడ్చింది. అది ముక్కగా కత్తిరించి, పైన పెద్ద అక్షరాలతో శీర్షిక పెట్టి ఎక్కించారు. నాలుగు రోజులకు అది అత్తవారి ఫోనులోకి చేరింది. ఆ పిల్ల ఇప్పుడు ఏ సంఘానికీ వెళ్లడం లేదు. కువైట్ అక్కలకు వాక్యం వినిపించండి, దానికి ఎవరు కాదంటారు? కానీ కన్నీళ్లు పెట్టుకున్నవాళ్ల మీదికి కెమెరా తిప్పకండి. ప్రార్థన సమయంలో దాన్ని ఆపేయమని కాపరే చెప్పాలి. తమ్ముళ్లు చెప్తే పెద్దవాళ్లు వినరు.

ఇంకొకటి. ఆరాధన ఎప్పుడు మొదలవుతుందో చెప్తారు కానీ ఎప్పుడు ముగుస్తుందో చెప్పరు. మాకు మధ్యాహ్నం డ్యూటీలు ఉంటాయి, ఇంట్లో వంట ఉంటుంది, చంటిపిల్లలు ఆకలికి ఏడుస్తారు. పౌలు అంతటివాడు మాట్లాడుతుంటేనే ఐతుకు అనే యువకుడు కిటికీలోంచి నిద్రలో పడిపోయాడు కదా.

కెమెరా తమ్ముడు

అక్కా, మీరు చెప్పింది మా పాస్టర్ గారికి ఈ రోజే చూపిస్తాను. మా చానెల్లో కూడా అలాంటివి ఉన్నాయి. వాళ్లను అడిగి, వద్దన్నవి తీసేస్తాం.

వేదాంత బోధకుడు

నిడివి మాట నిజం. గుడ్ ఫ్రైడే రోజు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనకు ఏడుగురు ప్రసంగీకులను పిలుస్తారు. మొదటి ముగ్గురు తమ సమయం దాటి మాట్లాడతారు. ఏడవ మాట చెప్పే అతను పాపం, పెద్దల చేతి గడియారాల వైపు చూస్తూ హడావిడిగా ముగిస్తాడు. తోటి సేవకుడి సమయం తినకపోవడం కూడా భక్తిలో భాగమేనని యువకులు నేర్చుకోవాలి.

మల్కాజ్‌గిరి పాస్టరమ్మ

ఇంతవరకు రాసినవాళ్లెవరూ ఇంటి సంగతి ఎత్తలేదు. తమ్ముడూ, మీకు పెళ్లయిందో లేదో రాయలేదు. అయితే ఈ మాటలు మీ భార్యకు కూడా చదివి వినిపించండి.

కాపరి ఇల్లు సంఘానికి సత్రం అవుతుంది. వేళాపాళా లేకుండా జనం వస్తారు. ఆయన అందరి బాధలూ వింటారు, ఇంట్లో మాత్రం మౌనంగా కూర్చుంటారు. పిల్లలకు జ్వరం వచ్చిన రోజే ఎక్కడో ఉజ్జీవ కూడిక ఉంటుంది. పాస్టరు పిల్లలు ఇలాగే ఉండాలని సంఘమంతా వేలెత్తి చూపిస్తుంది. చివరికి ఆ పిల్లలు తండ్రి దేవుడి మీదే కోపం పెంచుకుంటారు. నేను చూసిన కాపరుల పిల్లల్లో విశ్వాసంలో నిలబడినవాళ్ల ఇళ్లలో ఒక సంగతి ఉమ్మడిగా కనిపించింది. తండ్రి వారంలో ఒక రోజు నిజంగా ఇంట్లో ఉండేవాడు. సోమవారమో శనివారమో, ఆ రోజు ఫోను సంఘ పెద్ద చేతిలో ఉండేది. చావు కబురైతేనే ఇంటికి వచ్చేది.

ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకుని చావాలని కోరుకున్నప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టి పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. కాపరికి నిద్ర, భోజనం, నడక అవసరమని చెప్పడానికి మనవాళ్లు ఎందుకు సిగ్గుపడతారో నాకు అర్థం కాదు. ఉపవాసం ఉండే కాపరిని పొగిడే సంఘం, షుగర్ పరీక్ష చేయించుకునే కాపరిని కూడా మెచ్చుకోవాలి.

ఆడవాళ్లతో మాట్లాడే విషయంలో కచ్చితంగా ఉండండి. మూసిన గదిలో ఒంటరిగా ఏ స్త్రీకీ ఆలోచన చెప్పవద్దు. రాత్రివేళ వాట్సాప్‌లో ప్రార్థన అంశాల పేరుతో సంభాషణలు సాగనివ్వవద్దు. కొన్ని బాధలు ఆడవాళ్లు ఆడవాళ్లకే చెప్పుకోగలరు. స్త్రీల సమాజంలో అనుభవమున్న ఇద్దరిని అందుకు నియమించండి. పరువు కోసం చెబుతున్నానని అనుకోకండి. నమ్మి వచ్చిన ఆడబిడ్డకు మీ దగ్గర హాని జరగకూడదు, అది అన్నిటికంటే ముందు.

లెక్కల పెద్ద

నేను బ్యాంకులో పనిచేసి విరమించాను, ప్రస్తుతం మా సంఘ కోశాధికారిని. తమ్ముడు డబ్బు సంగతి ఎత్తాడు కాబట్టి సూటిగా చెబుతాను.

కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో పౌలు యెరూషలేము పేదల కోసం పోగైన కానుకను ఒక్కడే మోసుకెళ్లలేదు. సంఘాలు ఎన్నుకున్న సహోదరులను వెంట పెట్టుకున్నాడు. ఎవరూ తన మీద తప్పు మోపకూడదని, దేవుడి దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా సరిగా ఉండాలని స్పష్టంగా రాశాడు. అపొస్తలుడికే అవసరమైన జాగ్రత్త మనకు అవసరం లేదా?

ఆచరణలో: కానుకల సంచి ఆరాధన అయిన వెంటనే, అక్కడే, బంధుత్వం లేని ఇద్దరు లెక్కపెట్టాలి. పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం చేయాలి. కాపరి ఆ డబ్బు ముట్టుకోకూడదు. సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరు చేయించి సంస్థ పేరు మీదే ఖాతా తెరవాలి. కాపరి సొంత నంబరుకు ఉన్న ఫోన్‌పే బోర్డు హాలు గోడ మీద ఉండకూడదు. కాపరికి నెలకు ఇంత అని సంఘం నిర్ణయించి ఇవ్వాలి. ప్రతి మూడు నెలలకు లెక్క చదివి వినిపించాలి. స్థలం కొంటే కాపరి పేరు మీదో ఆయన బావమరిది పేరు మీదో కొనకండి. ఈ నగరంలో సంఘాలు చీలిపోవడానికి కారణాలు తవ్వితే, సిద్ధాంతాల కంటే స్థలాల కాగితాలే ఎక్కువగా బయటపడతాయి.

చిట్టీల జోలికి వెళ్లకండి. విశ్వాసుల దగ్గర చిట్టీ వేయకండి, ఎవరి అప్పుకూ హామీ సంతకం పెట్టకండి, ఎవరి ప్లాట్లూ పల్పిట్ మీదనుంచి సిఫారసు చేయకండి. పాస్టర్ గారు చెప్పారు కదా అని డబ్బు పెట్టి పోగొట్టుకున్న మనిషి మళ్లీ ఆ నోటినుంచి రక్షణ మాట వినడు.

హెబ్రోను బిడ్డ

పెద్దాయన మాటల్లో ఒకదానితో నేను ఏకీభవించలేను. నేను గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను సంఘంలో పెరిగాను. సువార్తికుడు భక్త సింగ్ గారు 1950లో అక్కడ పని మొదలుపెట్టి, 2000 సెప్టెంబరులో ప్రభువు దగ్గరకు వెళ్లేవరకు సేవకులకు జీతం కట్టలేదు, అవసరాలు ప్రకటించి డబ్బు అడగలేదు. మోకాళ్ల మీద దేవుణ్ణే అడిగారు. పరిశుద్ధ సమావేశాలకు వచ్చిన వేలమందికి భోజనం పెట్టారు. నెల జీతం అనగానే సేవకుడు సంఘానికి ఉద్యోగి అవుతాడు, యజమానికి నచ్చని వాక్యం చెప్పలేడు. విశ్వాసంతో బతకడం నేర్చుకోని యువకుడు ఎంతకాలం నిలబడతాడు?

లెక్కల పెద్ద

సహోదరా, ఆయన పట్ల నాకూ గౌరవం ఉంది. కానీ డబ్బు అడగకపోవడం వేరు, లెక్క చెప్పకపోవడం వేరు. మొదటిది విశ్వాసం. రెండోదానికి కూడా ఇప్పుడు విశ్వాసమనే పేరు పెడుతున్నారు, నా బాధ అదే. కట్టుదిట్టమైన క్రమశిక్షణ ఉన్న సహవాసంలో జీతం లేకుండా నడవవచ్చు. ఒంటరిగా అద్దె హాలు పెట్టుకున్న కుర్రాడికి, అద్దె తేదీ దగ్గరపడ్డప్పుడు ధనవంతుడైన ఒక విశ్వాసి ఇచ్చే కవరే జీతం అవుతుంది. అప్పుడు ఆ ఒక్కడికి నచ్చని వాక్యం చెప్పలేడు.

హెబ్రోను బిడ్డ

లెక్క చెప్పాలన్నదాన్ని ఒప్పుకుంటాను. జీతం విషయంలో నా మనసు మారలేదు. పోనీ, తమ్ముడు చేతిపని పెట్టుకోవచ్చు. కొరింథులో పౌలు అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులతో డేరాలు కుట్టాడు. సగం రోజు ట్యూషన్లు చెప్పుకునే కాపరిని సగం కాపరి అనకూడదు.

కోర్టు దారిలో సహోదరి

నేను న్యాయవాదిని. యువ కాపరులు తెలియక చిక్కుల్లో పడే రెండు విషయాలు చెప్పి వెళ్తాను.

మొదటిది పెళ్లిళ్లు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం, బిషప్పుల వ్యవస్థ ఉన్న సంఘాల్లో అభిషేకం పొందినవారు, మరికొన్ని సంఘాలవారు తమ సంఘ నియమాల ప్రకారం పెళ్లి జరిపించవచ్చు. స్వతంత్ర సంఘాల కాపరులకు ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు ఉండాలి. అధికారం లేకుండా జరిపిస్తే 68వ సెక్షను కింద పదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. సాధారణంగా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలి. లైసెన్సు లేకపోతే, ఉన్న కాపరిని పిలిచి పెళ్లి జరిపించి, మీరు వాక్యం చెప్పండి. వయసు రుజువు పత్రాలు చూడకుండా తేదీ ఇవ్వకండి.

రెండోది మైకు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా వాడకూడదు. అద్దె హాలు పక్క ఇంట్లో పరీక్షలకు చదువుకునే పిల్లలుంటారు. వాళ్ల అమ్మానాన్నలతో ముందే మంచిగా మాట్లాడితే ఫిర్యాదు పోలీస్ స్టేషన్ దాకా వెళ్లదు.

తార్నాక విశ్రాంత అయ్యగారు

మంచి మాటలు వచ్చాయి. నిలబడటం గురించి నేను ఇంకా కొంత చెప్పాలి.

మన నేల మీద ఈ పని చేసినవాళ్ల కథలు యువకులకు తెలియాలి. 1876 నుంచి 1878 వరకు కరువు వచ్చినప్పుడు ఒంగోలులో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని గుత్తకు తీసుకుని జనానికి కూలి దొరికేలా చేశాడు. వేలమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని, సహాయం ముగిసేదాకా ఆపాడు. ఆ తరువాతే 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనం ఆ 2,222 అంకెనే కూడికల్లో చెబుతాం. అంకె పెంచుకునే అవకాశం చేతిలో ఉండి ఆగిన ఆ నెలల గురించి చెప్పం.

అజరయ్య గారు తమిళుడు. తిరునెల్వేలి ప్రాంతంనుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో దోర్నకల్ బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు. ఆ ఊరి పెద్ద దేవాలయం ప్రతిష్ఠ జరిగింది 1939లో. మధ్యలో ఉన్న ఇన్నేళ్లూ పల్లెల్లో ఉపదేశకులను, వాళ్ల భార్యలను తయారుచేయడంలో గడిచాయి. 1945లో చనిపోయేవరకు అక్కడే ఉన్నారు. మన కుర్రాళ్లు మూడో ఏడాదికే భవన నిధి మొదలుపెడతారు, అయిదో ఏడాదికి ఊరు మారుస్తారు.

ఇంకొక మాట, ఇది నగరానికే ప్రత్యేకం. ఇక్కడ ఒకే వీధిలో అయిదారు సంఘాలుంటాయి. ఒక సంఘంలో అలిగినవాడు పక్క సంఘంలో చేరతాడు, దాన్ని ఆ కాపరి సంఘాభివృద్ధిగా సాక్ష్యం చెబుతాడు. అలిగి వచ్చినవాణ్ణి ముందు కూర్చోబెట్టి వినండి, తరువాత ఆ పాత కాపరికి ఫోను చేయండి. వెనక్కి వెళ్లి సర్దుకోగలిగితే పంపించండి. అక్కడ నిజంగా అన్యాయం జరిగి ఉంటే మాత్రం చేర్చుకోండి, వెనక్కి నెట్టవద్దు. మీ ముందున్న కాపరి గురించి, పక్క కాపరి గురించి పల్పిట్ మీద ఒక్క మాట కూడా వద్దు. చుట్టుపక్కల నలుగురు కాపరులు నెలకోసారి కూర్చుని ఒకరికొకరు నిజం చెప్పుకునే చోటు ఏర్పాటు చేసుకోండి. పేరు పోగొట్టుకున్న మీ స్నేహితులకు తప్పు చేసే ముందు అడిగే మనిషి ఒక్కడైనా ఉండి ఉంటాడా?

ఉప్పల్ యువకాపరి

అందరికీ కృతజ్ఞతలు. నాకు పెళ్లయింది అమ్మగారూ, మీ మాటలు ఇద్దరం కలిసి చదివాం. గోడ మీది బోర్డు నా నంబరుదే, ఈ వారమే తీయించి సంఘ ఖాతాకు మారుస్తాను. ఫిలిప్పీ పత్రిక మొదలుపెడతాను. సహోదరి గారూ, లైసెన్సు వచ్చేవరకు పెళ్లిళ్లకు వేరే కాపరిని పిలుస్తాను.

ఇప్పుడు ఒక అత్యవసరం. మా సంఘంలో ఇంటర్ చదివే అబ్బాయి నిన్న తన ప్రాణం తానే తీసుకున్నాడు. రేపు భూస్థాపన. కొందరు పెద్దలు అసలు ఆరాధన చేయకూడదంటున్నారు. ఆ తల్లి ముఖం చూడలేకపోతున్నాను. ఏం చెప్పాలి?

తార్నాక విశ్రాంత అయ్యగారు

తమ్ముడూ, ఆరాధన చేయండి. ఆ పెద్దలతో నేను మాట్లాడతాను. తీర్పు దేవుడిది, పాతిపెట్టడం, ఏడ్చేవాళ్లతో ఏడవడం మన పని.

ఈ రాత్రే ఆ ఇంటికి వెళ్లండి. కారణాలు అడగకండి, దేవుడి ఉద్దేశం వివరించకండి. పక్కన కూర్చోండి. ఆ అబ్బాయి గురించి వాళ్లు చెప్పుకుంటే వినండి, అతని పేరు పలకండి. రేపు యోహాను 11 చదవండి. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు. పది నిమిషాలకు మించవద్దు. రక్షణ పిలుపు ఇవ్వవద్దు, ఈ తరం పిల్లల గురించి హెచ్చరికలు వద్దు. అతని స్నేహితులు వస్తారు. లోపల భారంగా ఉన్నవాళ్లు ఒంటరిగా మోయకుండా ఇంట్లోనో, గురువులకో, మీకో చెప్పుకోమని నెమ్మదిగా చెప్పండి. వాళ్లలో ఎవరైనా మరీ కుంగిపోయినట్టు కనిపిస్తే ఒంటరిగా వదలకండి, వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.

బంధువులు వెళ్లిపోయాక, వారం తిరిగేసరికి ఆ ఇల్లు ఖాళీ అవుతుంది. అప్పుడు మీరూ మీ భార్యా మళ్లీ వెళ్లండి.

మల్కాజ్‌గిరి పాస్టరమ్మ

తమ్ముడూ, ఆ తల్లి దగ్గర రాత్రి ఉండటానికి స్త్రీలెవరైనా ఉన్నారా? లేకపోతే చెప్పండి, నేనూ మా సమాజం సహోదరి ఒకరూ వస్తాం. ఇల్లు ఎక్కడో నాకు విడిగా సందేశం పెట్టండి, ఇక్కడ రాయవద్దు.

లెక్కల పెద్ద

పోస్టుమార్టం కాగితాలు, సమాధుల తోట అనుమతి, వాహనం ఎవరు చూస్తున్నారు? ఆ తండ్రిని వాటి కోసం తిప్పకండి. ఖర్చు సంఘ నిధినుంచి పెట్టండి, తక్కువైతే మా సంఘం ఇస్తుంది. ఉదయం ఏడింటికల్లా నేను మీ హాలు దగ్గర ఉంటాను.